నున్నటి చేతులు

కబురు వచ్చేసరికి చుక్క నోటినిండా రొట్టె ఉంది. పొద్దున్నే మొగుడు కాగితంలో చుట్టి ఆమె సంచిలో పెట్టిన రొట్టె, ఇంకా అంచులు కరకరలాడుతున్నాయి. టీం లీడ్ తన గదిలోంచి నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ గడియారం చూసుకునే మనిషి, అన్నీ లెక్కప్రకారం జరగాలనే మనిషి, అలా కుర్చీలకు తగులుకుంటూ రావడం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

"ఒప్పుకున్నారమ్మా! నీ నునుపు తీసుకున్నారు. ఊరికే తీసుకోవడం కాదు. డిఫాల్ట్‌గా ఆన్!"

చుక్క ఏదో అనబోయింది. రొట్టె అడ్డుపడింది. పక్క బల్ల దగ్గర కూర్చుని కోడ్‌లో తప్పులు వెతికే టెస్టర్ మంచినీళ్ళ సీసా అందించి వీపుమీద రెండు చరిచింది. "ముందు మింగు, తర్వాత నవ్వు. లేకపోతే ఇవాళే నీకు సంతాపసభ పెట్టాల్సొస్తుంది" అంది. ఈ టెస్టర్‌ని ఆఫీసులో అందరూ 'అనుమానం' అంటారు. దేన్నీ నమ్మకపోవడమే ఆవిడ ఉద్యోగం. నమ్మితే జీతం దండగ.

ఫోన్లు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి తన కొత్త మోడల్లో వీళ్ళ కెమెరా యాప్‌ని పెట్టుకుంటోంది. ఆ యాప్‌లో చర్మాన్ని నున్నగా చూపించే భాగం చుక్క రాసింది. ఏడు నెలల పని. అందరూ దాన్ని 'నునుపు' అనే పిలుస్తారు. శుక్రవారం సాయంత్రం కోడ్ అప్పగించేస్తే, ఆపైన ఆ ఫోన్ కొన్న ప్రతివాళ్ళూ తీసిన ప్రతి ఫోటో, వేరే ఏ మీటా నొక్కకుండానే, చుక్క రాసిన వాక్యాల మధ్యనుంచి జారి బయటికి వస్తుంది. లక్షల ఫోన్లు. ఆ అంకె తల్చుకుంటే అరికాళ్ళలో చక్కిలిగింతలు పెట్టినట్టయింది.

మెట్లమీదికి పరుగెత్తి మొగుడికి ఫోన్ చేసింది. అతను రొట్టెల బట్టీలో ఉన్నాడు. మోచేతులదాకా పిండి కాబట్టి ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడతాడు. మాటలన్నీ ఒక పక్కకి ఒరిగినట్టు వినిపిస్తాయి.

"డిఫాల్ట్ అంటే?"

"అంటే అడక్కుండానే వడ్డించడం."

"మా అమ్మలాగా?"

"అచ్చం మీ అమ్మలాగే! నీకు ఆకలుందా లేదా అని అడగరు. కంచంలో పడిపోతుంది, అంతే."

అటువైపు పెద్దగా నవ్వు, వెంటనే ధబ్బున ఏదో పడిన చప్పుడు. "పిండిలో పడింది ఫోను" అని దూరంనుంచి వినిపించింది. పెళ్ళై రెండున్నర నెలలైంది. అతని ఫోన్ పిండిలో పడడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ అటువైపు ఉన్నది తనే అని చుక్కకి చెప్పలేనంత గర్వం.

సాయంత్రం ఇల్లు పండగలా ఉంది. అత్తగారు ఫోన్లో చుట్టాలందరికీ చెప్పేసింది. ఏం చెప్పిందంటే, "మా కోడలు చుక్కలు దిద్దుతుంది కదా, ఆ చుక్కలు ప్రపంచమంతా పోతున్నాయట." కోడలు కాపురానికొచ్చిన మొదటివారం, నువ్వు చేసే పనేమిటమ్మా అని ఆవిడ అడిగితే, ఫోటో అంటే కోటి చుక్కలు అత్తయ్యా, ఒక్కో చుక్కకీ ఒక్కో రంగు, ఆ రంగులు నేను దిద్దుతాను అని చెప్పింది. ఆ పూటనుంచీ ఈ ఇంట్లో ఆమె పేరు చుక్కే.

హాల్లో గోడమీద పెద్ద ఫోటో ఉంటుంది. రెండు చేతులు, రెండు ఉంగరాలు, వెనకాల మసగ్గా తెల్లని పూలు. చేతులమీద నునుపుకి తొలి పరీక్ష ఆ ఫోటోయే. అసలు పరీక్షలన్నీ పెళ్ళి ఫోటోలమీదే జరిగాయి. పద్ధెనిమిదివందల ఫోటోలు, అన్నిటి హక్కులూ తనవే, ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. ఇంతకన్నా తేలిక ఏముంది? మొదట నునుపు మొహాలకే పనిచేసేది. ఈ ఉంగరాల ఫోటోలో చేతులు ఎండిపోయిన కట్టెల్లా కనిపించాయని, చర్మం ఎక్కడుంటే అక్కడ పనిచేసేలా మార్చింది. మార్చాక చూస్తే చేతులు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఆ కాపీయే పెద్దదిగా అచ్చు వేయించింది.

"ఏమండీ, తీపి మీరు తెచ్చారా, నన్ను తెమ్మంటారా?" అని చుక్క మొగుణ్ణి అడిగింది. విడిగా ఉన్నప్పుడు 'నువ్వు', అత్తగారి ముందు 'మీరు'. మధ్యలో తలుపు తెరుచుకుంటే వాక్యం సగంలో మర్యాద మారిపోతుంది. అప్పుడు ఇద్దరికీ నవ్వు ఆగదు.

కింది అంతస్తులో ఉండే వదిన అప్పుడే పైకి వచ్చింది. మొగుడి అక్క. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. మామూలుగా ఆవిడ వస్తే మెట్లమీదనుంచే మాట వినిపిస్తుంది. ఇవాళ ఉక్కలో కూడా మణికట్టు దాటి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ద్వారం దగ్గరే నిలబడింది.

"శుభం మరదలా, నీ నోట్లో పంచదార పొయ్యా" అంది. కాసేపాగి, "నా ఫోన్లో కొత్త కెమెరా పెట్టావు కదా, దగ్గరగా తీస్తే బాగా పడుతుందా?" అని అడిగింది.

"దగ్గరగానా? బ్రహ్మాండంగా పడుతుంది వదినా!"

నిజానికి ఇంట్లో అందరి ఫోన్లలోనూ చుక్క తన కొత్త వెర్షన్ వేసేసింది. ఇంట్లోవాళ్ళు వాడితే తప్పులు తొందరగా బయటపడతాయని పైకి చెప్పింది. ముచ్చట అని లోపల ఆమెకి తెలుసు. వదిన తల ఊపి, మెట్ల మలుపులో దీపం కిందికి వెళ్ళింది. అక్కడ ఏం ఫోటో తీసుకుందో ఎవరూ పట్టించుకోలేదు. తీపి వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం వదిన వచ్చింది. కూర్చోలేదు. ఫోన్ తల్లి చేతిలో పెట్టి, "చదువు" అంది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని గట్టిగా చదివింది. లాండ్రీ సూపర్‌వైజరు పంపిన సందేశం అది, అందరూ ఉన్న గ్రూపులో. "అమ్మా, ఫోటో చూశాను. ఇంత నున్నటి చేతులకి మడతల గది ఎందుకు? సబ్బు ప్రకటనకి పంపించండి, పేరొస్తుంది." కింద ఎవరో నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఏడు.

విషయం ముక్కలుగా బయటికి వచ్చింది. వదిన పని తొట్ల దగ్గర. మందునీళ్ళలో నానిన దుప్పట్లు పైకి లాగి మిషన్లో వెయ్యాలి. కంపెనీ ఇచ్చిన తొడుగులు వేళ్ళ సందుల్లో చిరిగిపోయాయి. మూడు నెలలుగా చేతులు మండుతున్నాయి. తగ్గేదాకా, ఆరిన బట్టలు మడతపెట్టే మడతల గదికి మార్చమని అడిగితే, ఏం పొక్కులో ఫోటో తీసి పంపు చూద్దాం అన్నాడు సూపర్‌వైజరు. శుక్రవారం పొద్దున గేటు దగ్గర కొత్త జాబితా అంటిస్తారు. అందులో పేరు మారకపోతే ఇంకో మూడు నెలలు తొట్ల దగ్గరే.

"అదొక్కటే అయితే పళ్ళు కొరుక్కుని ఊరుకుందును" అంది వదిన. "నాతోపాటు తొట్ల దగ్గర ఇంకో పదిమంది ఉన్నారు. ఇవాళ ఒకావిడ చెయ్యి చూపించబోతే, నా ఫోటో ఆమె మొహం ముందు పెట్టాడు. ఇదిగో చూడు, ఇదే తొట్టి, ఇదే నీళ్ళు, ఈవిడకి ఏమీ కాలేదు, నీకే ఎందుకయిందీ అన్నాడు. నా చేత్తోనే వాళ్ళందరి నోళ్ళూ మూయించాడు."

అత్తగారు ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "ఏమీ లేదు కదే!"

"ఉందమ్మా."

"ఎక్కడే? నా కళ్ళకి ఆనడంలేదా? ఏమ్మా చుక్కా, నువ్వు చూడు."

చుక్క చూసింది. దీపం వెలుతురులో తీసినా మసక లేదు, గోళ్ళ అంచులు పదునుగా వచ్చాయి, చర్మం రంగు ఎంత చక్కగా కుదిరిందో అనుకుంది. "భలే వచ్చింది వదినా" అనేసింది కూడా.

వదిన ఫోన్ తీసుకుని చొక్కా చెయ్యి ఇంకాస్త కిందికి లాక్కుంది. "సరే" అని ఒక్కమాట అని మెట్లు దిగింది.

"పని మానెయ్యాలని ఉంటే నాతో చెప్పొచ్చు కదా" అని అత్తగారు గొణిగింది. "ఫోటో అబద్ధం చెబుతుందా?"

బుధవారం పొద్దున. ఎండ ఇంకా ఎక్కలేదు కానీ వంటింటి కిటికీలోంచి బల్లమీదికి తెల్లగా పడుతోంది. వదిన పనికి వెళ్ళే ముందు తల్లి దగ్గరికి ఓ నిమిషం వచ్చింది. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరక్కుండానే, "ఆ నిమ్మకాయలు నాలుగు పిండి పోవే" అంది.

మొదటి బద్ద పిండగానే వదిన నోట్లోంచి చురుక్కుమని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చింది. కేక కాదు. కేకని మింగిన చప్పుడు. రెండో బద్ద కూడా తీసుకుంది, పిండబోయింది.

చుక్క గభాలున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. కుళాయి కింద పెట్టి నిమ్మరసం కడిగింది. తర్వాత చొక్కా చెయ్యి మెల్లగా పైకి మడిచి, కిటికీ వెలుతురులోకి తిప్పింది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి సన్నటి ఎర్రగీతలు. మణికట్టునుంచి మోచేతిదాకా ఆవగింజలు చల్లినట్టు పొక్కులు, కొన్నిచోట్ల గీరుకున్న పొలుసులు. రెండో చెయ్యీ అంతే.

అత్తగారు గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. పొయ్యి ఆర్పేసింది.

"వదినా, కదలకు. ఒక్క నిమిషం." చుక్క వదిన ఫోనే తీసి కెమెరా తెరిచింది. తెరమీద చెయ్యి కనిపించింది, పొక్కులతో సహా, ఉన్నది ఉన్నట్టు. మీట నొక్కింది. తెర రెప్పపాటు ఆగింది. పొక్కులు మాయమయ్యాయి.

మళ్ళీ తీసింది. నొక్కే ముందు ఉన్నాయి, నొక్కాక లేవు. మూడోసారి ఇంకా దగ్గరగా తీసింది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు కూడా పూడుకుపోయి, వెన్న రాసినట్టు మెరిసింది.

ఆ రెప్పపాటు చుక్కకి బాగా తెలుసు. దాన్ని సెకనులో మూడోవంతునుంచి ఆరోవంతుకి తేవడానికి మూడు వారాలు కష్టపడింది. ఆ రెప్పపాటులో ఏం జరుగుతుందో ఈ భూమ్మీద ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

"నాకు మతి పోయిందేమో అనుకున్నానే" అంది వదిన, తగ్గు గొంతుతో. "రాత్రి నా చెయ్యి చూసుకున్నా. ఫోటో చూసుకున్నా. మళ్ళీ చెయ్యి చూసుకున్నా. అమ్మ కూడా లేదంది, చదువుకున్న మరదలివి నువ్వూ బాగా వచ్చిందన్నావు. అందరూ లేదంటుంటే నాకే ఎందుకు మండుతోందీ అనుకున్నా."

చుక్క వదిన చెయ్యిని మెత్తటి గుడ్డతో అద్ది, మోచేతిదాకా కొబ్బరినూనె రాసింది. "వదినా, ఇవాళ పనికి వెళ్ళకు. ఇప్పుడు కాదు, రేపు సాయంత్రం నీకు అంతా చెబుతాను. అప్పటికి దీని సంగతి తేల్చేసి వస్తాను."

"దేని సంగతి?"

"నా సంగతే" అంది చుక్క.

ఆఫీసుకి వెళ్ళగానే సంచి కిందపెట్టకుండానే కోడ్ తెరిచింది. ఎక్కడో వెతకక్కర్లేదు. తను రాసిందే, పద్నాలుగు వరసలు. ప్రతి చుక్కనీ దాని పక్క చుక్కలతో పోల్చి చూస్తుంది. చుట్టూ ఉన్నవాటికన్నా ఇది ఎర్రగా ఉందా? గోరుకన్నా చిన్న మచ్చేనా? అయితే దాన్ని మొటిమ అనుకుని, పక్కవాటి రంగులో కలిపేస్తుంది. కనుబొమ్మలు, పెదాల అంచులు చెరక్కుండా కాపలా పెట్టింది. పొక్కులకి కాపలా లేదు. పొక్కు అనే మాటే ఆ కోడ్‌కి తెలియదు.

పరీక్ష ఫోటోలు వరసగా తిప్పింది. పద్ధెనిమిదివందలు. అందరూ పౌడరు రాసుకున్నవాళ్ళే, మంచి దీపాల కింద నవ్వుతున్నవాళ్ళే. వదిన కూడా ఉంది, తెల్లటి తొడుగులు వేసుకుని పూలగుత్తి పట్టుకుని. ఆ రోజు ఆ తొడుగులు ఎంత నాజూగ్గా ఉన్నాయని మెచ్చుకుంది చుక్క. ఎందుకు వేసుకుందో అడగలేదు. పనిచేసే చెయ్యి ఆ మొత్తంలో ఒక్కటే బయటపడి ఉంది, మొగుడిది. బట్టీ తలుపు తగిలి కాలిన మచ్చ, బొటనవేలి కింద. ఆ మచ్చ పోయేదాకా అంకెలు మార్చుకుంటూ పోయింది తనే.

తర్వాత తప్పుల జాబితా తెరిచింది. మూడు వారాల కిందట అనుమానం ఒక తప్పు రాసి పెట్టింది. "నా చేతిమీద ఎర్రసిరా మరక ఉంది. ఫోటోలో లేదు." దానికింద చుక్క జవాబు: "అందంగానే ఉంది కదా! అనుకున్నట్టే పనిచేస్తోంది." పక్కన ఓ నవ్వు బొమ్మ. తప్పు మూసివేయబడినది.

ఆ నవ్వు బొమ్మని చుక్క చాలాసేపు చూసింది. లాండ్రీ గ్రూపులో ఉన్నవి ఏడు. ఇది ఎనిమిదోది.

కుర్చీ అనుమానంవైపు తిప్పింది. "నువ్వు చూపించిన మరక నేను చూడలేదు. ఫోటో చూసి నిన్ను కొట్టిపారేశాను. తప్పు నాది."

అనుమానం కాసేపు ఆమెని ఎగాదిగా చూసింది. "నీకు జ్వరమా?" అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎవరి చెయ్యి?" అని అడిగింది. చుక్క చెప్పింది. సబ్బు ప్రకటన మాటదాకా వచ్చేసరికి అనుమానం పెన్ను కింద పెట్టేసింది.

ఇద్దరూ కలిసి టీం లీడ్ గదికి వెళ్ళారు. ఆయన మొదట గడియారం చూశాడు. తర్వాత కూర్చోమన్నాడు. అంతా విన్నాడు.

"చేతులే కదమ్మా సమస్య. సెట్టింగ్స్‌లో ఓ మీట పెడదాం. వద్దనుకున్నవాళ్ళు ఆపుకుంటారు."

"ఆన్‌లో ఉందని తెలిస్తే కదా సర్ ఆపుకునేది. మా వదిన తన కళ్ళే పోయాయనుకుంది."

"ఆ కంపెనీవాళ్ళకి నచ్చిందే ఇది. ఇది ఆపుతామంటే మనల్నే ఆపేస్తారు. శుక్రవారం అప్పగించాలి. నీ పేరు కూడా చెప్పాను వాళ్ళకి, ఫోన్ విడుదల చేసే రోజు వేదికమీద చదువుతామన్నారు. ఉన్నదాన్ని చేజేతులా చెడగొట్టుకుంటావా?"

చుక్క ఆయన చేతివైపు చూసింది. మణికట్టు మీద మూడు ఎర్రటి గీతలు, తాజావి. "ఇదేంటి సర్?"

"మా పిల్లి. స్నానం చేయించబోతే రక్కింది, రాక్షసి. ఇప్పుడదెందుకు?"

"ఒక్కసారి చెయ్యి బల్లమీద పెట్టండి."

తీసింది. ఫోన్ ఆయనవైపు తిప్పింది. మణికట్టు చంటిపిల్లాడి బుగ్గలా ఉంది.

"మీ పిల్లి నిర్దోషి సర్" అంది అనుమానం గంభీరంగా. "సాక్ష్యం లేదు. మీరే అబద్ధాలాడుతున్నారు."

టీం లీడ్ పకపకా నవ్వాడు. ఫోటో చూశాడు, చెయ్యి చూసుకున్నాడు. ఇంకోసారి ఫోటో చూశాడు. నవ్వు సగంలో ఆగింది. రెండోచేత్తో ఆ గీతల్ని తడుముకున్నాడు, ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు.

"మంటగా ఉందా సర్?" అని అడిగింది చుక్క.

"ఉంది" అన్నాడాయన.

"నాకు రేపు సాయంత్రందాకా టైమివ్వండి. నునుపు మొహాలకే ఉంటుంది. అదీ మనిషి కావాలని మీట నొక్కితేనే. చేతుల జోలికి పోదు. ఫోటోమీద, దిద్దిన ఫోటో అని చిన్న గుర్తు ఉంటుంది. రాసింది నేను కాబట్టి ఎక్కడ ఏది విప్పాలో నాకు తెలుసు. ఇదే ఇంకొకరు చెయ్యాలంటే నెల పడుతుంది. నాకు రెండు రోజులు చాలు."

ఆ మాటల్లో బతిమాలడం లేదు. పొయ్యిమీదనుంచి గిన్నె దించినంత మామూలుగా చెప్పింది. టీం లీడ్ గడియారం చూడకుండా లేచాడు. ఫోన్ కంపెనీవాళ్ళతో మాట్లాడడానికి తలుపు వేసుకున్నాడు.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. ఆయన చెవి ఎర్రగా కందిపోయి ఉంది. "యాప్ ఉంచుతారట. డిఫాల్ట్ పోయింది. వేదికమీద నీ పేరు చదవడం కూడా పోయింది. చాలా మాటలన్నారు, అవన్నీ నీకెందుకులే."

లక్షల ఫోన్లు. అరికాళ్ళలో మొన్నటి చక్కిలిగింతలు ఒక్కసారి గుర్తొచ్చాయి. అదీ ఒక్క నిమిషమే. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చుంది. బుధవారం అంతా విప్పింది, గురువారం అంతా కుట్టింది. విప్పడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి తెలియదు. తీసేసిన ప్రతి వరసకీ కోడ్ తేలికవుతోంది. గురువారం నాలుగింటికి అనుమానం తన చేతిమీద ఎర్రసిరాతో 'నమ్మను' అని రాసుకుని ఫోటో తీసింది. ప్రతి అక్షరం పడింది. పాత తప్పుని మళ్ళీ తెరిచి, దానికింద, "ఇప్పుడు నమ్ముతున్నాను" అని రాసి మూసింది.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అందరూ హాల్లోనే ఉన్నారు. మొగుడు పిండి దులుపుకోకుండానే వచ్చి కూర్చున్నాడు, కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి. అత్తగారు కూతురి చేతులకి నూనె రాస్తోంది. ఒక్కో వేలినీ విడదీసి, సందుల్లో అద్దుతోంది. మొన్న అన్న మాటకి క్షమాపణ ఆవిడ నోటితో చెప్పదు. ఆ నూనె మాత్రం నిన్నటినుంచి ఇది ఆరోసారి.

చుక్క నిలబడే చెప్పింది. "వదినా, నీ ఫోటోలో పొక్కులు చెరిపింది నేను. ఫోను కాదు, కెమెరా కాదు. నేను రాసిన కోడు. నీ ఫోన్లో వేసింది కూడా నేనే. నున్నగా ఉంటేనే అందం అనుకుని, నిన్ను అడక్కుండా నున్నగా చేసేశాను."

వదిన మొహం ఎర్రబడింది.

"నా చేతులు బాలేవని నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు."

"పదమూడేళ్ళుగా ఈ చేతులతోనే తిన్నాం. వీటితోనే మీ ఆయన్ని స్కూలుకి తయారుచేసి పంపాను. వీటికేం తక్కువని దిద్దావు?"

చుక్క తల దించుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగినా వదిన మొహమే చూస్తూ నిలబడింది. "ఏ తక్కువా లేదు. తప్పు చేశాను. తీసేశాను కూడా."

"తీసేశావా? ఆ లక్షల ఫోన్లలోంచి కూడానా?"

"వాటిలోంచీ."

వదిన తన చేతుల్ని ఓసారి తిప్పి చూసుకుంది. తర్వాత చెయ్యి ముందుకి చాపింది. "ఏదీ, చూపించు."

చుక్క కొత్త వెర్షన్ వేసి తీసింది. తెర ఆగలేదు. ఆవగింజలంత పొక్కులు, సందుల్లో పగుళ్ళు, పైన నూనె మెరుపు, అన్నీ ఉన్నాయి. వదిన ఆ ఫోటోని చాలాసేపు చూసింది. ఇంత ఘోరమైన ఫోటో చూసి ఇంత సంతోషించిన మనిషి ఇంకొకరుండరు. "ఇదీ నా చెయ్యి!" అంది. "అమ్మా, చూడు, ఇప్పుడు ఆనుతోందా?"

"ఆనుతోందే తల్లీ" అంది అత్తగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

మొగుడు గోడమీది ఉంగరాల ఫోటోవైపు చూపించాడు. "అయితే ఆ చెయ్యి కూడా...?"

"నీదే. కాలిన మచ్చ తీసేశాను" అంది చుక్క. అత్తగారి ముందే 'నీదే' అనేసింది. ఎవరూ గమనించలేదు, అత్తగారు తప్ప.

"రెండు నెలలనుంచీ అనుకుంటున్నా, ఇది ఎవడి చెయ్యిరా బాబూ, నా ఉంగరం వీడికెలా వచ్చిందీ అని" అన్నాడు అతను. "మచ్చ పెట్టేసి మళ్ళీ అచ్చు వేయించు. మొదటిరోజు నువ్వు ఏమడిగావు? ఈ మచ్చ ఎలా వచ్చిందనే కదా. మన మాటలు మొదలైంది అక్కడే."

చుక్క కుర్చీ ఎక్కి ఆ ఫోటో గోడమీదనుంచి దించేసింది. మేకు మిగిలింది.

"మరి సూపర్‌వైజరు సంగతి?" అని అడిగాడు మొగుడు. "ఈ ఫోటో ఇప్పుడే పంపించక్కా."

"వద్దురా తమ్ముడూ. మొన్న నున్నగా పంపింది, ఇవాళ రంగులు పూసి పంపిందంటాడు."

"నేను వచ్చి చెబుతాను వదినా" అంది చుక్క. "తప్పు నాదని, ఫోటో నాదని, నీది కాదని అతనికి నేను చెబుతాను."

"నువ్వు చెప్పేదేం లేదు. చెప్పడానికి నాకు నోరుంది. పదిమందికీ పొద్దున్నే ఫోన్లు చేశాను, నువ్వు తేల్చుకొస్తావని నమ్మే చేశాను." వదిన చొక్కా చేతులు రెండూ మోచేతులపైకి మడిచింది, మళ్ళీ కిందికి దింపలేదు. "వాడు ఏడింటికి జాబితా అంటిస్తాడు. మేం ఆరున్నరకే గేటు దగ్గరుంటాం. పదకొండుమంది, ఇరవైరెండు చేతులు. వాడి కళ్ళముందు పెడతాం. నువ్వు పక్కన నిలబడి, వాడు చూస్తుండగా ఒక్కో చెయ్యీ ఫోటో తియ్యి. తీసినవి నీ దగ్గరే ఉంచుకో. ఇంకోసారి ఏదైనా రాసినప్పుడు, పెళ్ళి ఫోటోలు కాదు, ముందు వీటిమీద పరీక్షించుకో."

"మా ఆఫీసులో ఒకావిడ ఉంది, దేన్నీ నమ్మదు. తీసుకురానా?"

"తీసుకురా. అలాంటివాళ్ళే కావాలి."

"పదమూడు రొట్టెలు వేడిగా గేటు దగ్గరికి నేను పంపిస్తా" అన్నాడు మొగుడు.

"పద్నాలుగు" అంది అత్తగారు నూనె సీసా మూత బిగిస్తూ. "నేనూ వస్తున్నాను. చుక్కా, ఐదున్నరకి నన్ను లేపు. ఈ సీసా గుర్తుచెయ్యి, అక్కడ ఇంకా ఇరవై చేతులున్నాయి."